ఇన్‌హేలర్ కొనేవాళ్లు జాగ్రత్త: "అదే మందండీ, కంపెనీ మారిందంతే" అంటే నమ్మకండి

జ్ఞానాపురం, కంచరపాలెం, వన్ టౌన్ వైపు ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లు ఇది చదివి పక్కింటివాళ్లకి కూడా చెప్పండి. కోపం ఇంకా దిగలేదు. ముందుది వెనక, వెనకది ముందు వచ్చేస్తే సర్దుకుని చదువుకోండి.

షాపు పేరు రాయను. వాట్సాప్‌లో చీటీ ఫొటో పెడితే బండి మీద కుర్రాడు మందులు తెచ్చిచ్చే షాపు. మన వైపు సగంమంది అక్కడే కొంటారు కాబట్టి గుర్తుపట్టేవాళ్లు ఈపాటికే గుర్తుపట్టి ఉంటారు.

మా అమ్మకి చాలా ఏళ్లుగా ఆస్తమా. విశాఖ పోర్టు బొగ్గు పొడి సంగతి ఈ వైపు వాళ్లకి నేను కొత్తగా చెప్పేదేముంది, పొద్దున్న తుడిచిన కిటికీ ఊచ మీద సాయంత్రం వేలు పెడితే నల్లగా వస్తుంది. అమ్మకి డాక్టరుగారు రాసింది ఫోరాకార్ట్ 200. అందులో బ్యూడెసొనైడ్, ఫార్మోటెరాల్ అని రెండు మందులుంటాయి. పొద్దున్న రెండు పఫ్‌లు, రాత్రి రెండు పఫ్‌లు, మధ్యలో ఆయాసమొస్తే అదే డబ్బాతో ఇంకొకటి. ఆయాసానికని వేరే నీలం పంపు (ఇన్‌హేలర్‌నే మేం పంపు అంటాం) లేదు, రెండు పనులకీ ఇదొక్కటే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, గొడవంతా ఇక్కడే ఉంది.

డబ్బా అయిపోవస్తోందని చీటీ ఫొటో పెట్టాను. నేను ఆఫీసులో ఉండగా షాపు నుంచి ఫోను.

"మేడమ్, మీరు పెట్టింది స్టాక్ లేదు. ఆల్టర్నేటివ్ పంపించెయ్యమంటారా?"

"అదే మందేనా?"

"అదే మేడమ్, కంపెనీ మారిందంతే. కాస్త చవక కూడా."

సరే అన్నాను. మందుల కొట్టువాడే అదే మందంటే, కాదనడానికి నేనేమన్నా బీ ఫార్మసీ చదివానా? పైగా చవక అన్నాడని సంతోషించాను కూడా. ఆ సంతోషానికి ఓ దండం.

వచ్చిన డబ్బా కూడా చూడ్డానికి అలాగే ఉంది. అదే సైజు, అదే ఆకారం, రంగు ఒక్కటే తేడా. కంపెనీ మారింది కదా, రంగు మారదా అనుకున్నాం. రెండు పూటలా పీల్చినన్నాళ్లు ఏ తేడా తెలీలేదు.

తేడా తెలిసింది రాత్రిపూట. కింద వాటాలో ఎవరో దోమల చుట్ట వెలిగించారు, ఆ పొగ మెట్ల మీదుగా పైకి ఎక్కేసింది. అమ్మ లేచి కూర్చుంది, పిల్లికూతలు మొదలయ్యాయి. స్పేసర్‌కి, అంటే మందు నిలిచి నెమ్మదిగా పీల్చుకునేందుకు వాడే గొట్టానికి, పంపు తగిలించి ఒకటి కొట్టాం. మామూలుగా అయితే కాసేపటికే భుజాలు కిందికి దిగుతాయి, మాట వస్తుంది. ఈసారి ఏమీ లేదు. ఇంకొకటి కొట్టాం. "ఏటే, ఇది దిగట్లేదే. ఖాళీ పంపు ఇచ్చాడేటి?" అంటోంది, అదీ రెండేసి ముక్కలుగా. ఖాళీ ఎలా అవుతుంది, లోపల మందు గలగలమంటోంది, నొక్కితే పొగ వస్తోంది. మళ్లీ కొట్టాం. చేతులు వణకడం మొదలెట్టాయి, గుండె దడ, ఊపిరి మాత్రం అందట్లేదు. ఆటోలో కేజీహెచ్‌కి, అదే కింగ్ జార్జ్ ఆసుపత్రికి, తీసుకెళ్లాం. కాన్వెంట్ జంక్షన్ దగ్గర లారీల మధ్య ఆగిన ఆ కాసేపూ నేను ఏం మొక్కుకున్నానో నాకే తెలీదు.

క్యాజువాలిటీలో నెబ్యులైజర్ పెట్టాక అమ్మ మొహంలో కాస్త కళ వచ్చింది. డ్యూటీలో ఉన్న అమ్మాయి, నా కంటే చిన్నదే, ఏం వాడుతున్నారని అడిగితే పంపు తీసి చేతిలో పెట్టాను. తిప్పి లేబుల్ చదివి, "దీన్ని ఆయాసానికి కొట్టారా?" అంది. అవునన్నాను. పాత చీటీ చూపించమంది. చూసి, "ఇందులో ఉన్నది సాల్మెటెరాల్, ఫ్లూటికాసోన్ అండీ. మీకు రాసింది ఇది కాదు" అంది.

తర్వాత ఆవిడ విడమరిచి చెప్పింది. ఫార్మోటెరాల్ లోపలికి వెళ్లిన రెండు మూడు నిమిషాల్లో పని మొదలుపెడుతుంది. సాల్మెటెరాల్ కూడా ఆ జాతి మందే, అదీ పన్నెండు గంటలు ఉంటుంది, కానీ అందుకోవడానికి పదిహేను, ఇరవై నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అందుకే దాన్ని రోజుకి రెండు పూటలకే వాడాలి, ఊపిరాడనప్పుడు కొట్టుకోడానికి కాదు. పని చెయ్యట్లేదని మళ్లీ మళ్లీ కొడితే గుండె దడ, వణుకు మాత్రం మిగులుతాయి. అంటే ఆ రాత్రి మేం మా చేతులతో చేసింది అచ్చంగా అదే.

ఆ మందుని నేను తప్పుపట్టట్లేదు. లక్షణంగా పనిచేసే మందే, ఎంతోమంది రోజూ వాడుతున్నారు. కాకపోతే అది వాడేవాళ్ల దగ్గర ఆయాసానికి ఇంకో పంపు విడిగా ఉంటుంది. మా ఇంట్లో లేదు. చీటీ మీద "ఆయాసం వస్తే అదనంగా ఒకటి" అని రాసే ఉంది, ఆ చీటీ ఫొటో వాళ్ల ఫోన్‌లోనే ఉంది.

అమ్మ ఇంటికొచ్చాక షాపుకి వెళ్లాను. గట్టిగా కూడా మాట్లాడలేదు. మందు మారిపోయింది, ఇలా అయింది, కేజీహెచ్ దాకా వెళ్లాల్సొచ్చింది అని చెప్పాను. ఓనరు గల్లా దగ్గర ఫోన్‌లో మాట్లాడుతూనే చెయ్యి చాచాడు. పంపు ఇచ్చాను. మూత తీసి, రెండుసార్లు ఊపి, అందరూ చూస్తుండగా గాల్లోకి ఒక పఫ్ కొట్టాడు.

"వస్తోంది కదమ్మా! పని చెయ్యట్లేదంటావేటి?"

పక్కన నిల్చున్న ఇద్దరు నవ్వారు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతున్నది ఆ పఫ్ తలుచుకునే. డబ్బు పోతే పోయింది. మా అమ్మ కళ్లు తేలేసి పీల్చిన పంపుని వాడు రూమ్ స్ప్రేలా కొట్టి చూపించాడు.

మందు వేరని చెప్పాను. ఒకటి ఫార్మోటెరాల్, ఇంకోటి సాల్మెటెరాల్ అన్నాను. "రెండూ ఆస్తమాకే కదమ్మా, రెండిట్లోనూ స్టెరాయిడే కదా. ఫోన్‌లో చూసొచ్చి మాకు పాఠాలు చెప్పొద్దు. ఇన్నేళ్లుగా అమ్ముతున్నాం, ఇంతవరకూ ఎవరూ పోలేదు." ఇదీ ఆయన సమాధానం. ఎవరూ పోలేదట! ఆ మాట బోర్డు మీద రాయించుకుని షాపు ముందు కట్టుకుంటే బాగుంటుంది.

ఫార్మసిస్టుతో మాట్లాడతానంటే గోడకి వేలాడుతున్న సర్టిఫికెట్ చూపించాడు. ఫ్రేములో ఉన్న ఫొటో ఎవరిదో గానీ, ఆ మనిషిని ఆ కొట్లో నేనెప్పుడూ చూళ్లేదు.

"మీరే ఓకే అన్నారు కదా, కాల్ రికార్డు ఉంది, వినిపించమంటారా?" అన్నాడు తర్వాత. వినిపించండి, "అదే మందు" అని మీ కుర్రాడన్న మాట కూడా అందులోనే ఉంటుంది కదా అన్నాను. ఫోను జేబులోకి వెళ్లిపోయింది.

మూత తీసిన ఇన్‌హేలర్ వాపసు తీసుకోరట. సరే, తీసుకోవద్దు. కానీ "మార్చి ఇస్తాను" అని ఆయన తీసింది చూస్తే మీకు నవ్వొస్తుంది. క్యాప్సూల్స్ సీసా! రోటాక్యాప్స్. దీనికి మిషన్ కావాలి కదా అంటే, "మిషన్ ఇప్పుడు స్టాక్ లేదు, మీ ఇంట్లో పాతది ఉంటే వాడుకోండి" అన్నాడు. మా ఇంట్లో ఎప్పుడూ లేదు. తెలీనివాళ్ల కోసం చెప్తున్నాను, అవి మింగే మాత్రలు కావు. రోటాహేలర్‌లోనో రివొలైజర్‌లోనో పెట్టి, లోపలి పొడిని గట్టిగా లాగి పీల్చాలి. మిషన్ లేకుండా చేతికిస్తే పెద్దవాళ్లు మంచినీళ్లతో మింగేస్తారు, మా వీధిలోనే ఒకాయన అలా మింగేవారు. మింగితే ఊపిరితిత్తులకి దక్కేది దాదాపు ఏమీ ఉండదు. మిషన్ ఉన్నా మా అమ్మకి అంత గట్టిగా పీల్చే ఓపిక లేదనే కదా డాక్టరు పంపు, స్పేసర్ రాసింది.

అదీ కాదంటే చివరికి నీలం పంపు బల్ల మీద పెట్టాడు. ఆస్తలిన్. "అందరూ ఇదే కొడతారు, ఇదొక్కటి చాలు." ఆయాసం వెంటనే తగ్గడానికి సాల్బ్యుటమాల్ మంచిదే, కాదనను. కానీ అదొక్కటే పెట్టుకుని బతకొద్దని, లోపలి వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు కూడా ఉండాలని ఆస్తమాకి డాక్టర్లు పాటించే జీనా (GINA) అనే అంతర్జాతీయ మార్గదర్శకాలు 2019 నుంచీ చెప్తున్నాయి. క్యాజువాలిటీలో ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పిన ఈ ముక్క మందులు అమ్ముకు బతికేవాడికి తెలీదా? తెలిసే ఉంటుంది. ఉన్న స్టాకు కదలాలి, అంతే.

ఇంటికొచ్చాక కూర్చుని చదివాను. ఇవి షెడ్యూల్ హెచ్ మందులు, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సినవి. డాక్టరు చీటీలో రాసిన షెడ్యూల్ హెచ్ మందుకి బదులు షాపువాడు తనంతట తాను ఇంకోటి ఇవ్వకూడదని డ్రగ్స్ రూల్స్‌లో 65వ రూల్ కింద ఉంది, లోపల మందు అదే అయినా సరే ఇవ్వకూడదు. లోపల మందే వేరైతే ఇక చెప్పేదేముంది. మనం ఫోన్‌లో "సరే" అన్నంత మాత్రాన అది డాక్టరు రాసిన చీటీ అయిపోదు.

ఈలోగా మా పిన్ని ఫోన్ చేసి ఈ పంపులన్నీ మానేసి మృగశిర కార్తెకి హైదరాబాదు చేప మందుకి తీసుకెళ్లమంటోంది. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఆ జనంలో, ఆ క్యూలో అమ్మని నిలబెట్టాలట. ఆల్టర్నేటివ్‌ల బాధ పడింది చాలు పిన్నీ, ఇంకోటి వద్దని చెప్పాను.

సరే, మీరు చెయ్యాల్సింది చెప్పేసి ఆపుతాను. డబ్బా మీద పెద్దక్షరాల పేరు వదిలెయ్యండి, కింద చిన్నక్షరాల్లో ఉండే మందుల పేర్లు పాత డబ్బాతో పక్కపక్కన పెట్టి చదవండి. మీ వాళ్లు అదే పంపు ఆయాసానికి కూడా కొడుతుంటే "ఫార్మోటెరాల్" అన్న మాట కచ్చితంగా ఉండాలి, పక్కన మైక్రోగ్రాముల అంకె కూడా కలవాలి. కంపెనీ మారడం వేరు, బుడమేట్ లాంటి వాటిలోనూ అవే రెండు మందులుంటాయి. అయినా మార్చేముందు డాక్టరుకి ఒక్క ఫోను కొట్టండి. పంపు బదులు పొడి మిషన్ ఇస్తే అక్కడే కౌంటర్ దగ్గర పీల్చే పద్ధతి చూపించమనండి, చూపించలేకపోతే కొనకండి. డబ్బా అడుక్కి వచ్చేదాకా ఆగకుండా ముందే తెచ్చిపెట్టుకోండి, స్టాక్ లేదంటే ఇంకో షాపుకి వెళ్లే వ్యవధి ఉంటుంది. ఊపిరందక మాట తెగిపోతుంటే, పంపుకి తగ్గకపోతే 108కి చెయ్యండి, మాలాగా ఆటో కోసం పరిగెత్తకండి.

నేను 1915కి, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకి కాగితం రాస్తున్నాను. ఇదే షాపు నుంచి ఇలాంటిదే వచ్చినవాళ్లుంటే బిల్లు, చీటీ, డబ్బా మూడూ ఫొటో తీసి నాకు మెసేజ్ చెయ్యండి, కలిపి పెడదాం. డబ్బా మాత్రం చెత్తలో వెయ్యకండి, బ్యాచ్ నంబరు దాని మీదే ఉంటుంది.