మేయర్‌ను ఎన్నుకోవాల్సింది ఊరా, కౌన్సిలా: ఏది మేలు?

బెజవాడ కార్పొరేషన్‌లో 64 డివిజన్లు. 2021 మార్చిలో ఓటరు బ్యాలెట్ మీద ముద్ర వేసింది తన డివిజన్ కార్పొరేటర్‌కే. మేయర్ ఎవరో తేలింది ఆ నెల 18న, కౌన్సిల్ హాల్లో చేతులెత్తిన లెక్కతో. అంటే మేయరమ్మ పేరు బ్యాలెట్ మీద చూసింది ఊళ్లో ఒక్క డివిజనే. 2000లో అలా కాదు, పంచుమర్తి అనురాధను ఊరంతా ఓటేసి మేయర్‌ను చేసింది. ఏ పద్ధతి పెట్టుకోవాలో రాజ్యాంగంలోని 243ఆర్ అధికరణ రాష్ట్రాలకే వదిలేసింది. ఉత్తరప్రదేశ్‌లో ఇప్పటికీ ఊరంతా ఓటేసే ప్రత్యక్ష పద్ధతే.

ప్రత్యక్ష ఎన్నికలో అభ్యర్థి ఎవరో ముందే తెలుస్తుంది. చిక్కు గెలిచాక వస్తుంది. మేయర్ ఒక పార్టీ, 64లో 40 మంది మరో పార్టీ అయితే బడ్జెట్ దగ్గరే బండి ఆగుతుంది, ఎందుకంటే దాన్ని ఆమోదించేది కౌన్సిల్. మేయర్ కుర్చీలో కూర్చుని సభ నడపగలరు గానీ, చేతులు లేపించలేరు.

కౌన్సిల్ ఎన్నుకునే పరోక్ష పద్ధతిలో ఆ గొడవ లేదు, మెజారిటీతోనే మేయర్ వస్తారు. కానీ పేరు చాలాసార్లు పార్టీ పెద్దలు పంపిన సీల్డ్ కవర్లోంచి ఊడిపడుతుంది. విప్, అంటే ఫలానా వారికే ఓటెయ్యాలన్న పార్టీ ఆదేశం, ధిక్కరిస్తే సభ్యత్వానికే ముప్పు, కాబట్టి కార్పొరేటర్ చెయ్యి పార్టీదే. ఎమ్మెల్యేలు, ఎంపీలకూ పదవి రీత్యా వచ్చే ఎక్స్‌అఫీషియో ఓటుంది. బలాబలాలు దగ్గరగా ఉంటే తూకం వాళ్ల చేతిలోనే. పైగా రాష్ట్రంలో ప్రభుత్వం మారితే కుర్చీ కదులుతుంది. 2025 ఏప్రిల్‌లో విశాఖ మేయర్‌పై అవిశ్వాసం నెగ్గింది సరిగ్గా 74 ఓట్లతో, నెగ్గడానికి కావాల్సిన మూడింట రెండొంతుల గీత మీదే. గుంటూరులో అక్కడిదాకా రాలేదు. మేయర్ ముందే రాజీనామా చేశారు, ఏప్రిల్ 28న కొత్తాయన వచ్చారు. రెండు చోట్లా ఓటరును అడిగినవాళ్లు లేరు.

ఇప్పుడున్న అధికారాలతో అయితే మా ఓటు పరోక్షానికే, ఒక షరతు మీద: నామినేషన్ల నాటికే పార్టీ మేయర్ అభ్యర్థి పేరు చెప్పాలి. ప్రత్యక్షం కావాలంటే ముందు ఫైళ్ల సంగతి తేల్చాలి. ఇవాళ మేయర్ ఎలా గెలిచినా కార్యనిర్వాహక సంతకం మున్సిపల్ కమిషనర్‌దే, ఆయనను వేసేదీ బదిలీ చేసేదీ ప్రభుత్వమే. ఊరంతా ఓటేసి గెలిపించిన మనిషి కాలువ పూడిక పనికి ఆయన గది ముందు నిలబడాల్సి వస్తే, అంత పెద్ద ఎన్నిక దేనికి?

ఈ రెంటికన్నా అధ్వాన్నం మూడోది, ఎన్నికైన కౌన్సిల్ లేకుండా ప్రభుత్వం వేసిన అధికారి నడిపే ప్రత్యేకాధికారి పాలన. 2010 నుంచి 2021 దాకా గుంటూరులో అసలు కౌన్సిలే లేదు. వీధి దీపం వెలగకపోతే నిలదీయడానికి కార్పొరేటర్ కూడా ఉండడు.