తేలినీలాపురం వెళ్తే తెల్లకొంగలకీ ఒక పూట ఉంచుకోండి

సంక్రాంతి హడావుడి తగ్గాక, జనవరి చివర్లో అమ్మా నేనూ విజయనగరం నుంచి శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గరున్న తేలినీలాపురం వెళ్లాం. అక్కడికి ఎవరు వెళ్లినా గూడబాతుల (పెలికాన్ల) కోసం, ఎర్రకాళ్ల కొంగల కోసమే. మేమూ అందుకే బయల్దేరాం. తిరిగొచ్చాక మాత్రం మా కళ్లల్లో మిగిలింది మా ఊరి చెరువు మీద రోజూ వాలే తెల్లకొంగే.

ముందు బస సంగతి చెప్తాను. మొదటి రాత్రి టెక్కలిలో ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది. తెల్లవారుజామున నాలుగున్నరకి గేటు తీస్తామని రాత్రి ఒప్పుకున్నారు, తీరా పొద్దున ఎంత పిలిచినా ఎవరూ లేవలేదు. ఆరు దాటాక బయటపడ్డాం. పిట్టల కోసం వచ్చినవాళ్లకి ఆ గంటన్నరే ప్రాణం, అందుకే చాలా బాధేసింది. రెండో రాత్రి పలాసలో ఉన్నాం. గది ఇరుకు, రాత్రంతా రైళ్ల మోత. అయినా ఏ వేళకైనా తలుపు తీసే మనిషి ఉన్నాడు, చీకటితోనే వేడి టీ దొరికింది. మళ్లీ వెళ్తే పలాసలోనే దిగుతాను.

తేలినీలాపురంలో చింతచెట్ల నిండా గూళ్లు. ఆ పిట్టల్ని ఊరివాళ్లు ఇంటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. ఒక పూట చాలు, తప్పకుండా చూడండి.

అక్కణ్ణుంచి రోజు కిరాయికి ఆటో మాట్లాడుకుని నౌపడ ఉప్పుమళ్ల వైపు వెళ్లాం. ఒక మురుగుకాలవ పక్కన ఆటో ఆపించాను. పది అడుగుల దూరంలో చిన్న తెల్లకొంగ. నల్లటి ముక్కు, నల్లటి కాళ్లు, వేళ్లు మాత్రం అప్పుడే పసుపు రాసుకున్నట్టు. ఒక కాలు ముందుకి చాపి బురదలో సన్నగా వణికిస్తోంది. ఆ అదురుకి చేపపిల్ల కదిలిందో లేదో, ముక్కు దిగిపోయింది. కొంగజపం అని మనం తిట్టుగా వాడతాం గానీ, అంత ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేసే ప్రాణిని నేను చూళ్లేదు.

"ఈటిని సూడ్డానికి ఇంత దూరమొచ్చేరేటమ్మా? మా మళ్లల్లో ఎన్ని లేవు!" అన్నాడు ఆటో అతను. ఆ మాటే నాకు నచ్చింది. దమ్ము పట్టేటప్పుడు ట్రాక్టరు వెనక, కోతలయ్యాక పశువుల కాళ్ల దగ్గర తిరిగే పచ్చముక్కు కొంగలు మిడతల్నీ పురుగుల్నీ ఏరుకు తింటాయి. వాటి రెట్ట మళ్లీ చెరువుకీ చేనుకీ ఎరువు. నీరు దిగే గుంటలో చేపపిల్లలు ఒకచోట చేరితే కొంగలూ అక్కడే గుమిగూడతాయి. కొంగలు రావడం మానేశాయంటే ఆ నీళ్లలో తినడానికేమీ మిగల్లేదేమోనని చూసుకోవాలి.

వానాకాలంలో, గూళ్లు కట్టే రోజుల్లో తెల్లకొంగల వీపు మీద సన్నటి కుచ్చు ఈకలు వస్తాయి. వంద, నూటపాతికేళ్ల కిందట విదేశీ దొరసానుల టోపీల కోసం ఆ ఈకలు బంగారంతో పోటీపడే ధర పలికాయి. 1902లో మన దేశం నుంచి ఆ ఎగుమతి ఆపారు. మేం వెళ్లింది శీతాకాలం కాబట్టి ఆ కుచ్చులు చూడలేకపోయాం.

రెండో రోజు సాయంత్రం సోంపేట బీలకి వెళ్లాం. ఈ పల్లపు నేల మీద థర్మల్ ప్లాంటు కడతామంటే జనం ఎదురు తిరిగారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు కూడా పోయాయి. ఈరోజుకీ అక్కడ పశువులు మేస్తున్నాయి, నీళ్లున్నాయి, కొంగలున్నాయి. ఇక్కడ టీకొట్టు కూడా కనపడలేదు, నీళ్లూ తిండీ వెంట తెచ్చుకోండి.

పొద్దు వాలేవేళకి కొంగలు వరసలు వరసలుగా చెట్లకి మళ్లాయి. అరవై దాటిన మా అమ్మ గట్టు మీద నిలబడి, చిన్నపిల్లలా రెండు చేతుల గోళ్లూ పైకి చూపించి, "కొంగా, కొంగా, గోళ్లమీద తెల్లచుక్కలు పెట్టవూ" అని అడిగింది. ఆటో అతను కూడా తన చెయ్యి పైకెత్తాడు.