రిపోర్ట్ బటన్ నొక్కిన తరువాత: మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఫర్ ఆఫీస్ 365 సమీక్ష

ఉద్యోగి ఒకరు తన ఇన్‌బాక్స్‌లోని మెయిల్‌ను ఫిషింగ్ (నమ్మించి వివరాలో డబ్బో కాజేసే మోసం) అని రిపోర్ట్ చేశారంటే, ముందున్న వడపోతలన్నింటినీ దాటుకొని ఆ మెయిల్ లోపలికి వచ్చేసిందని అర్థం. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ తనిఖీలు మెయిల్ నిజంగా చిరునామాలో కనిపించే డొమైన్ నుంచే వచ్చిందా అన్నది తేల్చగలవు గాని, పంపినవారి ఉద్దేశాన్ని తేల్చలేవు. ఎంతో కాలంగా మనతో లావాదేవీలున్న సరఫరాదారు ఖాతాయే దొంగల చేతిలో పడి, దాని నుంచి నకిలీ ఇన్‌వాయిస్ వస్తే ఆ తనిఖీలన్నీ సక్రమంగానే ముగుస్తాయి. అటువంటి మెయిల్‌ను చాలాసార్లు గుర్తుపట్టేది ఆ సరఫరాదారు రాసే తీరు తెలిసిన అకౌంట్స్ విభాగపు ఉద్యోగి. ఆ ఉద్యోగి ఇచ్చిన సమాచారంతో సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందన్నదే నా దృష్టిలో మెయిల్ భద్రతకు అసలైన పరీక్ష. కార్యాలయంలో మెయిల్ వ్యవస్థ బాధ్యత చూసే వ్యక్తిగా, సంస్థల మెయిల్‌కు కాపలా కాసే భద్రతా సేవ మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఫర్ ఆఫీస్ 365ను ఆ ఒక్క కోణం నుంచే ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అవుట్‌లుక్‌లో రిపోర్ట్ బటన్ ఇప్పుడు అంతర్భాగంగానే వస్తోంది కాబట్టి, ఇదివరకటిలా విడిగా యాడ్-ఇన్ జోడించుకోవలసిన అవసరం తగ్గింది. ఫోన్‌లోని అవుట్‌లుక్‌లోనూ ఆ బటన్ ఉంది. ఇది చిన్న సౌకర్యం కాదు. అనుమానం వచ్చిన మెయిల్‌ను ఐటీ విభాగానికి ఫార్వర్డ్ చేయడం చాలా సంస్థల్లో అలవాటు. అలా చేసినపుడు అసలు హెడర్లు పోతాయి, మెయిల్ ఏ సర్వర్ల మీదుగా వచ్చిందో తెలుసుకునే ఆధారం కూడా వాటితోనే పోతుంది. బటన్ ద్వారా పంపినపుడు అసలు మెయిల్ హెడర్లతో సహా చేరుతుంది. అది మైక్రోసాఫ్ట్‌కు చేరాలా, సంస్థ సొంత రిపోర్టింగ్ మెయిల్‌బాక్స్‌కు చేరాలా, లేక రెండింటికీ చేరాలా అన్నది అడ్మిన్ నిర్ణయించవచ్చు. రోగుల వివరాలో ఖాతాదారుల పత్రాలో మెయిల్‌లో నడిచే సంస్థలు ఈ ఎంపికను తొందరపడి చేయరాదు, ఎందుకంటే మైక్రోసాఫ్ట్‌కు పంపడమంటే ఆ మెయిల్ మొత్తాన్ని వారి విశ్లేషణకు అప్పగించడమే.

ఈ ఉత్పత్తి అసలు బలం ఆ తరువాతి మెట్టులో ఉంది. దీని రెండు స్థాయిల్లో పైదైన ప్లాన్ 2 లైసెన్స్ ఉన్న చోట, వాడుకరి ఫిషింగ్ అని రిపోర్ట్ చేయగానే ఒక హెచ్చరిక పుడుతుంది, దాని వెంట స్వయంచాలిత దర్యాప్తు మొదలవుతుంది. ఆ దర్యాప్తు రిపోర్ట్ అయిన ఒక్క మెయిల్‌తో ఆగదు. పంపినవారు, విషయం, మెయిల్‌లోని పాఠం, లింకులు వంటి వాటిలో పోలిక ఉన్న మెయిళ్లన్నింటినీ సంస్థలోని మెయిల్‌బాక్సుల నుంచి ఒక గుంపుగా చేర్చి, అందులో ఎన్ని చేరవలసిన చోటికి చేరాయో, ఎన్ని ముందే ఆగిపోయాయో చూపిస్తుంది. లింకును ఎవరైనా నొక్కారా, ఎవరి మెయిల్‌బాక్స్‌లోనైనా బయటి చిరునామాకు మెయిళ్లు తరలించే నియమం కొత్తగా చేరిందా అన్న ప్రశ్నలకూ సమాధానం వెదుకుతుంది. ఖాతాను చేజిక్కించుకున్న దొంగ చేసే తొలి పనుల్లో ఆ నియమం పెట్టడం ఒకటని తెలిసిన వారికి ఈ వెదుకులాట విలువ చెప్పనక్కరలేదు. ఇదే పనిని మనిషి చేయాలంటే మెయిళ్లు ఎవరెవరికి వెళ్లాయో చూపే మెసేజ్ ట్రేస్ నివేదికలు తెరచి, ఒక్కొక్క వడపోత మార్చుకుంటూ చాలాసేపు కూర్చోవాలి. ఆలోపు మిగతావారు ఆ లింకు నొక్కుతూనే ఉంటారు.

అయితే దర్యాప్తు ముగియడం, ప్రమాదం తొలగడం ఒకటి కాదు. మామూలు అమరికలో ఆ మెయిళ్లను తొలగించమన్న సిఫారసు యాక్షన్ సెంటర్‌లో అడ్మిన్ ఆమోదం కోసం వేచి ఉంటుంది. ఆమోదించేదాకా మెయిళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి, వారం దాటితే ఆ సిఫారసుకు కాలం చెల్లిపోతుంది. ఆమోదం అడగడాన్ని నేను తప్పు పట్టను. పొరపాటున జీతాల ప్రకటననో బ్యాంకు నోటీసునో అందరి ఇన్‌బాక్స్‌ల నుంచి లాగేసే యంత్రం ఎవరికీ అక్కరలేదు. కానీ ఒక్కరో ఇద్దరో ఐటీ పని చూసే సంస్థలో, శుక్రవారం సాయంత్రం వచ్చిన రిపోర్ట్ సోమవారం దాకా ఆమోదం కోసం కూర్చుంటే ఆ దర్యాప్తు వేగం ఎవరికి ఉపయోగపడినట్లు? జీరో-అవర్ ఆటో పర్జ్ అనే మరో ఏర్పాటు, చేరిపోయిన మెయిల్ చెడ్డదని తరువాత తేలితే మనిషి ప్రమేయం లేకుండానే దానిని తప్పిస్తుంది. దాని పరిధి మెయిల్ చేరిన 48 గంటల వరకే. మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. సాఫ్ట్ డిలీట్ అన్న చర్య మెయిల్‌ను పూర్తిగా చెరిపివేయదు, తొలగించిన వాటిని తిరిగి తెచ్చుకునే చోటు నుంచి వాడుకరి దానిని మళ్లీ బయటికి తీయగలరు.

ఇక రిపోర్ట్ చేసిన మనిషికి అందవలసిన జవాబు సంగతి. నేను ఈ ఉత్పత్తిలో అన్నింటికన్నా ఎక్కువగా పట్టించుకునేది ఇదే. ఒకరు పని మధ్యలో ఆగి, ఆలోచించి, బటన్ నొక్కిన తరువాత ఏ కబురూ రాకపోతే రెండోసారి నొక్కాలన్న ఆసక్తి తగ్గుతుంది, మూడోసారి అనుమానం వచ్చినా చెప్పకుండా చెరిపేసి ఊరుకుంటారు. డిఫెండర్‌లో ఇందుకు రెండు దారులున్నాయి. రిపోర్టులు కనిపించే సబ్‌మిషన్స్ పేజీలో అడ్మిన్ ఆ రిపోర్ట్‌ను ఫిషింగ్ అనో, స్పామ్ అనో, ముప్పు కనబడలేదనో గుర్తించి, ఆ మాటను వాడుకరికి మెయిల్‌గా పంపవచ్చు. లేదా దర్యాప్తు ఫలితం దానంతటదే వాడుకరికి వెళ్లేలా అమర్చవచ్చు. ఈ రెండో దారి ప్లాన్ 2తోనే వస్తుంది, అడ్మిన్ వెళ్లి ఎంచుకోవాలి. ఇంత ముఖ్యమైన సదుపాయాన్ని సెట్టింగ్‌ల లోపల వెదుక్కొని తెరవవలసి రావడం నాకు సమంజసంగా తోచలేదు. జవాబులోని మాటలను మనకు తగినట్లు మార్చుకోవచ్చు కాబట్టి, మేము అందులో ఉద్యోగికి కృతజ్ఞత చెప్పి, లింకు నొక్కి ఉంటే వెంటనే ఎవరికి ఫోన్ చేయాలో కూడా రాశాము. జవాబులు వెళ్లడం మొదలైన తరువాత రిపోర్టుల నాణ్యత పెరిగింది. ముప్పు లేదన్న జవాబు రెండు మూడుసార్లు అందుకున్నవారు ప్రచార మెయిళ్లకూ మోసపు మెయిళ్లకూ తేడాను తామే పట్టుకోసాగారు.

రిపోర్టుల్లో పెద్ద భాగం ప్రమాదం లేనివే కావడం ఏ సంస్థకైనా అనుభవమే. ఆ భారం తగ్గించడానికి 2025 మార్చిలో మైక్రోసాఫ్ట్ తన ఏఐ భద్రతా సహాయకం సెక్యూరిటీ కోపైలట్‌లో భాగంగా ఫిషింగ్ ట్రియాజ్ ఏజెంట్‌ను ప్రకటించింది. అది రిపోర్టులను చదివి, నిజమైన ముప్పును తప్పుడు హెచ్చరికల నుంచి వేరుచేసి, తన నిర్ణయానికి కారణాన్ని మామూలు వాక్యాల్లో రాస్తుంది. కారణం రాయడం నాకు నచ్చిన అంశం, ఎందుకంటే దానిని చూసి మనిషి విభేదించగలడు. చిన్న సంస్థలు మాత్రం దీని అదనపు ఖర్చును ముందుగా లెక్క వేసుకోవాలి.

గూగుల్ వర్క్‌స్పేస్ వాడేవారి పరిస్థితి కొంత భిన్నం. జీమెయిల్‌లో మూడు చుక్కల మెనూ నుంచి ఫిషింగ్ రిపోర్ట్ చేయడం సులువే, అడ్మిన్‌కు అలర్ట్ సెంటర్‌లో ఆ సమాచారం కనిపిస్తుంది. కాని అందరి మెయిల్‌బాక్సుల నుంచి ఆ మెయిల్‌ను వెదికి తీసేసే దర్యాప్తు పరికరం పై స్థాయి ఎడిషన్లకే పరిమితం. రెండు కంపెనీలూ ఈ విషయంలో ఒకే దారిలో ఉన్నాయి: హెచ్చరిక అందరికీ ఇచ్చి, దానిపై చేయవలసిన పనిని ఎక్కువ చెల్లించేవారికి ఉంచాయి.

భారతదేశంలో పనిచేసే సంస్థలకు మరొక లెక్క ఉంది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం జాబితాలోని సైబర్ సంఘటనలను గుర్తించిన 6 గంటల్లోపు ఆ సంస్థకు తెలియజేయాలి, ఫిషింగ్ దాడులు ఆ జాబితాలో ఉన్నాయి. ఎవరు ఎప్పుడు రిపోర్ట్ చేశారు, మెయిల్ ఎవరెవరికి చేరింది, ఎవరు లింకు నొక్కారు అన్న వివరాలను డిఫెండర్ సమయంతో సహా ఒకచోట చూపిస్తుంది కాబట్టి ఆ నివేదిక రాయడం తేలికవుతుంది. నివేదికను మాత్రం మనమే పంపాలి. డబ్బు పోయిన సందర్భంలో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయవలసింది కూడా మనమే, అదీ క్షణం ఆలస్యం లేకుండా.

నా సిఫారసు ఇది. ఆమోదాలు చూసేందుకు రోజూ ఒక మనిషిని కేటాయించగల సంస్థకు ప్లాన్ 2 ధరకు తగిన ఉత్పత్తి. ప్లాన్ 1తో సరిపెట్టుకునే సంస్థ, రిపోర్టులను ఎవరు చదువుతారో, ఎంతసేపట్లో జవాబిస్తారో ముందే రాసిపెట్టుకొని, సబ్‌మిషన్స్ పేజీ నుంచి చేత్తోనే జవాబులు పంపాలి. ఎవరైనా సరే, రిపోర్టింగ్ మెయిల్‌బాక్స్‌ను వడపోత ఆపకూడని మెయిల్‌బాక్సులను చెప్పే అడ్వాన్స్‌డ్ డెలివరీ విధానంలో సెక్‌ఆప్స్ (భద్రతా బృందపు) మెయిల్‌బాక్స్‌గా నమోదు చేయడం మరువరాదు. అలా చేయకపోతే, ఉద్యోగులు పంపిన ఫిషింగ్ నమూనాలనే వడపోత ఫిషింగ్‌గా గుర్తించి ఆపేసే అవకాశం ఉంటుంది.