పంటి మూలకణాలు: ఉన్నవి ఉన్నట్టు వాడటమా, రీప్రోగ్రామ్ చేయడమా – ఏది మేలు?

ఊడిపోయిన పాలపన్నునో, తీయించుకున్న జ్ఞానదంతాన్నో పారేయకుండా భద్రపరిస్తే ముందుముందు గుండెకో, మెదడుకో, కంటికో పనికొస్తుందన్న మాట ఇప్పుడు తరచుగా వినిపిస్తోంది. ఆ మాటలో రెండు వేర్వేరు సంగతులు కలగలిసి ఉన్నాయి. పంటి లోపలి గుజ్జులో సహజంగా ఉండే మూలకణాలను (వేరే రకం కణాలుగా మారగల కణాలను) పెంచి నేరుగా రోగికి అమర్చడం ఒకటి. అవే కణాలను ప్రయోగశాలలో రీప్రోగ్రామ్ చేసి, పిండదశ కణాలకు ఉండేంత శక్తిని వాటికి తిరిగి తెప్పించి, వాటినుంచి కావలసిన కణజాలాన్ని తయారుచేసుకోవడం మరొకటి. ఈ రెంటికీ అయ్యే శ్రమ, ఉన్న ప్రమాదం, ఇప్పటివరకు దొరికిన రుజువు వేటికవే వేరు. రెంటినీ ఒకే గాటన కట్టి ప్రచారం చేయడం వల్ల రోగులకు, పసిపిల్లల తల్లిదండ్రులకు లేనిపోని ఆశలు కలుగుతున్నాయి కనుక, వాటిని పక్కపక్కన పెట్టి చూడటం అవసరం.

మొదట సహజ కణాల సంగతి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో అప్పట్లో పనిచేసిన స్టాన్ గ్రాంథోస్, సాంగ్‌టావ్ షీ తదితరులు 2000లో జ్ఞానదంతాల గుజ్జులో మూలకణాలున్నాయని చూపించారు. వాటిని ఎలుకల్లో అమర్చినప్పుడు డెంటిన్‌ను (పంటి ఎనామిల్ కింది గట్టి పొరను) పోలిన పదార్థం, దాని పక్కనే గుజ్జును పోలిన మెత్తని కణజాలం ఏర్పడ్డాయి. ఊడిపోయిన పాలపళ్లలోనూ ఇటువంటి కణాలున్నాయని 2003లో తేలింది. అయితే ఒక్కో ముందుపంటిలో దొరికినవి 12 నుంచి 20 కణాలు మాత్రమే. చికిత్సకు కావలసినవి లక్షల్లో కాబట్టి, ఏ మార్గం ఎంచుకున్నా వాటిని ముందు పెంచక తప్పదు.

ఆ పని ఎలా జరుగుతుందో కాస్త దగ్గరగా చూస్తే కష్టం ఎక్కడుందో అర్థమవుతుంది. తీసిన పంటిని ఎండిపోనివ్వకుండా చల్లని పోషకద్రవంలో ప్రయోగశాలకు చేరుస్తారు. పైభాగాన్ని శుభ్రపరిచి, చిగురు అంచు వద్ద సన్నని చక్రంతో కోసి, గుజ్జు గదిని తెరుస్తారు. కోసేటప్పుడు పుట్టే వేడికే కణాలు చనిపోగలవు కనుక నీటితో చల్లబరుస్తూ ఉండాలి. బయటికి తీసిన గులాబీ రంగు గుజ్జును సన్నని ముక్కలుగా తరిగి, కణజాలాన్ని విడదీసే కొలాజినేజ్, డిస్పేజ్ అనే ఎంజైములలో 37 డిగ్రీల వెచ్చదనంలో సుమారు గంటసేపు ఉంచుతారు. ఆ ద్రావణాన్ని వడగట్టి పాత్రలో పోస్తే, కొద్ది రోజుల్లో కొన్ని కణాలు అడుగున అంటుకుని, కండె ఆకారంలో సాగి, గుంపులు కడతాయి. పన్ను పుచ్చిపోయి ఉన్నా, నోటి సూక్ష్మజీవులు గుజ్జులోకి చేరినా, పాలపన్ను చాలాకాలం కదులుతూ ఉండి లోపలి గుజ్జు కరిగిపోయినా ఈ శ్రమంతా వృథా కావచ్చు.

ఇలా పెంచిన కణాలను మార్పేమీ చేయకుండానే వాడటంలో పెద్ద సుగుణం భద్రత. వాటి జన్యువుల జోలికి ఎవరూ పోలేదు. కణితులుగా మారే స్వభావం వాటికి సాధారణంగా లేదు. మనుషుల్లో రుజువు కూడా దొరికింది. చైనాలోని షియాన్ నగర వైద్య పరిశోధకులు దెబ్బ తగిలి గుజ్జు చచ్చిపోయిన, వేరు ఇంకా పూర్తిగా పెరగని శాశ్వత ముందుపళ్లున్న పిల్లలను ఎంచుకుని, వారి పాలపళ్ల నుంచే తీసిన మూలకణాలను ఆ పళ్లలో అమర్చారు. 2018లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో మూలకణాలు అందుకున్న 26 మంది పిల్లలను, మామూలు చికిత్స పొందిన 10 మందిని ఏడాది తర్వాత పోల్చి చూశారు. మూలకణాలు అమర్చిన పళ్లలో రక్తనాళాలు, స్పర్శ తెలిపే నాడులు గల గుజ్జు తిరిగి ఏర్పడింది, వేరు పొడవు పెరిగింది. సంఖ్య చిన్నదే అయినా, చచ్చిన పంటికి మళ్లీ స్పర్శ రావడం మామూలు రూట్ కెనాల్ చికిత్స ఇవ్వలేనిది. పంటికి సంబంధించినంతవరకు ఈ మార్గానిదే పైచేయి అని నేను నిస్సందేహంగా అంటాను.

కానీ పంటి గుజ్జు దాటి బయటికి వస్తే ఈ కణాల పరిమితులు బయటపడతాయి. అవి కొన్ని విభజనల తర్వాత ముదిరిపోయి పెరగడం ఆపేస్తాయి. ఎముక, కొవ్వు వంటి దగ్గరి బంధువులైన కణజాలాలుగా మారడం వాటికి సులువు. ఇవి పిండంలో నాడీ వ్యవస్థ తొలి రూపం అంచున ఏర్పడే నాడీ శిఖర కణాల నుంచి పుట్టినవి కనుక నాడీ కణాల లక్షణాలు కొన్ని చూపగలవు కూడా. అయితే పాత్రలో నాడీ కణం ప్రొటీన్లు కనిపించినంత మాత్రాన అది మెదడులో సంకేతాలు పంపే నాడీ కణమైపోదు. ఈ తేడాను దాచి ‘పంటి కణాలతో మెదడు జబ్బులకు చికిత్స’ అని చెప్పడం న్యాయం కాదు.

అక్కడే రీప్రోగ్రామింగ్ అవసరం మొదలవుతుంది. జపాన్ శాస్త్రవేత్తలు షిన్యా యమనాకా, కజుతోషి తకహాషి ఆక్ట్4, సాక్స్2, కేఎల్ఎఫ్4, సి-మిక్ అనే నాలుగు జన్యువులతో 2006లో ఎలుక చర్మకణాలను, 2007లో మనిషి చర్మకణాలను దాదాపు పిండదశ శక్తికి వెనక్కి తీసుకువెళ్లారు. ఇలా పుట్టినవే ఐపీఎస్ కణాలు. యమనాకా 2012లో జాన్ గర్డన్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. 2010 నాటికి పాలపళ్ల, జ్ఞానదంతాల కణాలనూ ఇలా మార్చగలిగారు. చర్మకణాలకంటే ఇవి తేలిగ్గా మారుతున్నాయని కూడా గమనించారు. కొన్ని వారాల్లో పాత్ర అడుగున కండె ఆకారపు కణాల మధ్య స్పష్టమైన అంచులతో, ఒత్తుగా అమరిన గుండ్రటి కాలనీలు కనబడతాయి. వాటిని అంతులేకుండా పెంచవచ్చు. గుండె కండరం, రెటీనా పొర, నిజంగా సంకేతాలు పంపే నాడీ కణం, ఏదైనా వాటినుంచి తయారవుతుంది.

అంత శక్తికి తగ్గ ప్రమాదమూ ఉంది. రోగికి అమర్చిన కణాల్లో పూర్తిగా రూపాంతరం చెందని ఐపీఎస్ కణాలు మిగిలిపోతే టెరటోమా అనే కణితి పుట్టవచ్చు. సి-మిక్ క్యాన్సర్‌తో సంబంధమున్న జన్యువు. తొలినాళ్లలో వాడిన వైరస్‌లు కణం డీఎన్ఏలోనే చొరబడేవి. ఇప్పుడు సెండాయ్ వైరస్, ప్లాస్మిడ్‌ల (చిన్న డీఎన్ఏ వలయాల) వంటి, కణం డీఎన్ఏలో చొరబడని పద్ధతులు వచ్చాయి. అయినా జాగ్రత్త తప్పదని జపాన్ అనుభవం చెబుతోంది. 2014లో కంటి వైద్య పరిశోధకురాలు మసాయో తకహాషి బృందం ఒక రోగి కంటిలో ఆమె చర్మకణాల నుంచే తయారైన రెటీనా పొరను అమర్చింది. రెండో రోగి కణాల్లో ఉత్పరివర్తనాలు (జన్యువుల్లో మార్పులు) కనబడటంతో 2015లో శస్త్రచికిత్స ఆపేశారు. ఆ ఆపడాన్ని నేను వైఫల్యంగా చూడను. రోగి పట్ల చూపాల్సిన బాధ్యత అదే.

రీప్రోగ్రామింగే చేయాలంటే పన్నే కావాలా అన్నది తర్వాతి ప్రశ్న. చర్మకణాలపై ఏళ్ల తరబడి ఎండ పడుతుంది కనుక, అతినీలలోహిత కిరణాలు చేసిన నష్టం వాటినుంచి పుట్టిన ఐపీఎస్ కణాల్లోనూ కనిపిస్తుంది. గట్టి గోడల మధ్య దాగి ఉన్న గుజ్జుకు ఆ బాధ లేదు. పాలపన్నుదైతే వయసు కూడా చాలా తక్కువ. రక్తకణాలకూ ఎండ నష్టం లేదు కానీ, వాటినుంచి పుట్టిన కణాల్లో బీకార్ అనే జన్యువులో మార్పులు ఎక్కువగా కనబడ్డాయి. మరోవైపు రక్తం ఏ వయసులోనైనా, ఎన్నిసార్లైనా తీసుకోవచ్చు. పన్ను ఊడినప్పుడే దొరుకుతుంది. అందువల్ల పన్ను మంచి మూలమే గాని, అది లేకపోతే దారి మూసుకుపోయినట్టు కాదు. ‘ఇప్పుడు దాచకపోతే మళ్లీ అవకాశం రాదు’ అన్న ప్రచారం ఈ ఒక్క కారణంతోనే బలహీనపడుతుంది.

పంటికి నిజమైన ఆధిక్యం రెండుచోట్ల కనిపిస్తుంది. నొప్పి లేకుండా చిన్నపిల్లల కణాలు సేకరించాల్సిన పరిశోధన ఒకటి. శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆలిసన్ ముయోత్రి బృందం ఆటిజం ఉన్న పిల్లవాడి పాలపంటి కణాలను రీప్రోగ్రామ్ చేసి, వాటినుంచి నాడీ కణాలు తయారుచేసి, ఆ పిల్లవాడి జన్యులోపం వాటి పెరుగుదలను ఎలా దెబ్బతీస్తుందో చూడగలిగింది. అంతకుముందు మెదడులో మాత్రమే ఉండి, ఎవరికీ అందనిది పాత్రలో కళ్లముందుకు వచ్చింది. రెండోది, అందరికీ పనికొచ్చే కణాల నిల్వ. జపాన్‌లోని గిఫు విశ్వవిద్యాలయ పరిశోధకులు తాము సేకరించిన 107 పంటి కణ శ్రేణుల్లో రెండింటికి తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ ఒకే రకం కణజాల పొత్తు లక్షణాలు వచ్చాయని, అటువంటివి ఎక్కువమందికి పొసగుతాయని 2010లో చూపించారు. ఆ రెండే జపాన్ జనాభాలో సుమారు 20 శాతం మందికి సరిపోతాయని అంచనా వేశారు.

ఈ లెక్క చూస్తే, వేరే కారణంతో ఎలాగూ తీసేస్తున్న ఆరోగ్యకరమైన జ్ఞానదంతాన్ని సొంత నిల్వలో పెట్టుకోవడం కంటే పరిశోధనకో, ఉమ్మడి నిల్వకో ఇవ్వడమే మేలు. పిల్లవాడి శాశ్వత ముందుపన్ను దెబ్బతిని గుజ్జు చచ్చిపోతే, రీప్రోగ్రామింగ్ ఊసెత్తకుండా సహజ కణాల చికిత్సపై క్లినికల్ ట్రయల్ ఏదైనా నడుస్తోందేమో దంతవైద్యుణ్ణి అడగాలి. పాలపన్ను దాచుకోవాలనే నిర్ణయించుకున్నవారు గుజ్జులో బతికిన కణాలు దొరికాయా, సూక్ష్మజీవుల పరీక్ష జరిగిందా అని రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. కణాలు వేరుచేయకుండా పన్నును మాత్రమే గడ్డకట్టించి ఉంచితే, కరిగించినప్పుడు ఎన్ని బతికుంటాయన్న భరోసా తక్కువ.