ఎలుక దారా, ఫేజ్ దారా?

మా మేనకోడలు నాగార్జున యూనివర్సిటీలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదువుతోంది. మొన్న గుంటూరు బ్రాడీపేటలో ఇడ్లీ తింటూ అడిగింది: "మామయ్యా, యాంటీబాడీ మందుల వైపు వెళ్లాలంటే ముందు ఏది నేర్చుకోవాలి? హైబ్రిడోమానా, ఫేజ్ డిస్‌ప్లేనా?"

యాంటీబాడీ అంటే ఒంట్లో పరాయి పదార్థాన్ని గుర్తుపట్టి అతుక్కునే ప్రోటీన్. మందుకు పనికొచ్చే యాంటీబాడీని వెతికి పట్టే దారులే ఈ రెండూ. హైబ్రిడోమా పాతది. 1975లో కోలర్, మిల్‌స్టైన్ చేసి చూపించారు. ఎలుకకు యాంటిజెన్, అంటే యాంటీబాడీ పట్టుకోవాల్సిన పదార్థం, ఎక్కించి, దాని ప్లీహంలో యాంటీబాడీలు తయారుచేసే బి కణాలను క్యాన్సర్ కణాలతో అతికించి ఒకే కణంగా చేస్తారు. యాంటీబాడీకి పదును పెట్టే పని ఎలుక ఒంట్లోనే జరిగిపోతుంది, అదే దీని గొప్ప. చిక్కల్లా, అది ఎలుక ప్రోటీన్. మన ఒళ్లు పసిగట్టి ఎదురుతిరుగుతుంది. అందుకే యాంటిజెన్‌ను పట్టే కొసలు మాత్రం ఉంచి, మిగతా అంతా మనిషి యాంటీబాడీలా మార్చాలి. పైగా ఆ కణాలు పసిపిల్లల్లాంటివి. ఆదివారం కూడా ల్యాబ్‌కి పోయి ప్లేట్లు చూడాల్సిందే.

ఫేజ్ డిస్‌ప్లేకి ఎలుక తప్పనిసరి కాదు. బ్యాక్టీరియాకు పట్టే వైరస్‌ల (ఫేజ్‌ల) మీద కోట్ల రకాల యాంటీబాడీ ముక్కలు మొలిపించి, యాంటిజెన్ పూసిన ట్యూబులో పోస్తారు. అంటుకోనివి కడిగేసి, మిగిలినవి పెంచి మళ్లీ పోస్తారు. ఇలా మూడు నాలుగు సార్లు. చేటతో చెరిగినట్టే. కీళ్లవాతానికి వాడే అడాలిముమాబ్ అనే మందు ఈ దారిలోనే వచ్చింది, 2002లో అమెరికాలో అనుమతి దొరికింది. ఈ పద్ధతికే స్మిత్, వింటర్‌లకు 2018లో నోబెల్ కూడా.

నేనైతే ఫేజే ముందన్నాను. క్లోనింగ్, సీక్వెన్స్ చదవడం దానితోపాటే వచ్చేస్తాయి. సెల్ కల్చర్, అంటే ల్యాబ్‌లో కణాలు పెంచడం, మాత్రం ప్రాజెక్టులో ఎలాగైనా పట్టుకోమన్నాను. ఏ దారిలో దొరికినా, ఆఖరికి మందును తయారుచేసేది ఎక్కువగా చైనీస్ హ్యామ్‌స్టర్ అనే చిట్టెలుకలాంటి జంతువు అండాశయ కణాల్లోనే మరి.