క్లేర్‌లో సెట్ డాన్స్: ఎక్కడ ఉండాలి, ఎక్కడ నేర్చుకోవాలి

డబ్లిన్‌లో భోజనంతో పాటు ఐరిష్ డాన్స్ షో చూపించే చోట్లు చాలా ఉన్నాయి. చూడటానికి బాగుంటాయి, కానీ మనం కుర్చీ దిగం. సెట్ డాన్స్ అనే ఐరిష్ జానపద నాట్యం చూసేవాళ్ల కోసం పుట్టింది కాదు, ఆడేవాళ్లది. నాలుగు జంటలు చతురస్రంగా నిలబడి, రీల్, జిగ్, పోల్కా లాంటి సంగీతానికి ఒక్కో ఫిగర్ (ఆటలో ఒక భాగం) పూర్తి చేస్తాయి. కోలాటం తెలిసినవాళ్లకు ఈ కలయికలు, జతలు మారడం తొందరగా పట్టుబడతాయి. కొత్తవాళ్లు మొదట వెళ్లాల్సింది ఐర్లండ్ పశ్చిమ తీరంలోని కౌంటీ క్లేర్‌కే అని నా గట్టి అభిప్రాయం. మా ఆవిడా నేనూ అందుకే జూలైలో వెళ్లాం.

మిల్‌టౌన్ మాల్‌బే అక్కడి ఒక చిన్న ఊరు. ఆ ఊరి పైపర్ (ఐరిష్ పైప్స్ వాయిద్యకారుడు) విల్లీ క్లాన్సీ 1973లో చనిపోతే, అదే ఏడాది ఆయన పేరుతో సమ్మర్ స్కూల్ మొదలుపెట్టారు. ఇప్పటికీ ఏటా జూలై మొదట్లో జరుగుతుంది. పగలు క్లాసులు, రాత్రి కేలీలు, అంటే బ్యాండు సంగీతానికి అందరూ కలిసి ఆడే నాట్య సభలు. అంటే పొద్దున నేర్చుకున్నది రాత్రికే బ్యాండు ముందు ఆడొచ్చు. ఈ సదుపాయం వల్లే నేను దీనికి ఎక్కువ మార్కులు వేస్తాను. జత లేకుండా వచ్చినా ఇబ్బంది లేదు, ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని తీసుకెళ్తారు.

ఒక చిట్కా చెప్తాను. సెట్‌లో ఎదురెదురుగా ఉండే రెండు జంటలు టాప్స్, మిగతా రెండు సైడ్స్. చాలా ఫిగర్లు ముందు టాప్స్ ఆడతారు. అందుకని కొత్తవాళ్లు సైడ్స్‌లో నిలబడాలి. మన వంతు వచ్చేలోపు కదలికంతా కళ్ల ముందే జరిగిపోతుంది కాబట్టి టెన్షన్ సగం తగ్గుతుంది. ‘హౌస్’ అంటే జంటగా తిరుగుతూ సెట్ చుట్టూ వెళ్లి మళ్లీ మన స్థానానికి రావడం. తల తిరిగేది అక్కడే. కింద పాదాలు చూసుకోకుండా జత ముఖం చూడమన్నారు మా టీచర్, నిజంగానే పనిచేసింది.

టీ విరామంలో పక్కన కూర్చున్న పెద్దాయన వాళ్ల అమ్మ కాలం సంగతులు చెప్పారు. అప్పట్లో ఆటంతా ఇళ్లలో, వంటగది రాతి నేల మీద. ఫ్రాన్సు నుంచి 19వ శతాబ్దం మొదట్లో వచ్చిన క్వాడ్రిల్ అనే నాలుగు జంటల నాట్యాన్ని ఊరూరా తిరిగే డాన్స్ మాస్టర్లు నేర్పితే, జనం దాన్ని తమ సంగీతానికి మార్చుకున్నారు. 1935లో బహిరంగ నాట్యానికి లైసెన్సు తప్పనిసరి చేసిన చట్టం వచ్చి, దాన్ని ఇళ్ల మీదా ప్రయోగించాక ఇళ్లలో ఆటలు తగ్గిపోయాయట. ఆ మాట చెప్పి, లేచి, మా ఆవిడను తన సెట్‌లోకి పిలిచారు. అంత ఆదరం ఎక్కడ దొరుకుతుంది!

బస విషయానికొస్తే, ఆ వారం ఊళ్లో గదులు దొరకడం కష్టం, నెలల ముందే బుక్ చేసుకోవాలి. మేం తీసుకున్న గెస్ట్‌హౌస్ ‘నడిచి వెళ్లే దూరం’ అని రాసుకుంది. తీరా చూస్తే ఫుట్‌పాత్ లేని ఇరుకు రోడ్డు, అర్ధరాత్రి కేలీ నుంచి కార్ల మధ్య తిరిగి రావడం భయంగా ఉండేది. బుక్ చేసేముందు దారి ఎలా ఉంటుందో అడగండి. తర్వాత క్లేర్‌లోని పెద్ద పట్టణం ఎన్నిస్‌కు మారాం. సుమారు 30 కి.మీ. దూరం, హోటళ్లు ఎక్కువ, రైలు ఉంది. కానీ కేలీ అయ్యాక బస్సు దొరకదు, కారు ఉంటేనే ఎన్నిస్ మంచిది.

శాకాహారులకు పబ్బుల్లో కూరగాయల సూప్, బ్రౌన్ బ్రెడ్ దాదాపు ఖాయం. వంటగదులు త్వరగా మూసేస్తారు కాబట్టి కేలీకి ముందే తినేయాలి.

క్లేర్ తీరంలోని డూలిన్ ఊరి పబ్బుల్లో సంగీతం గొప్పగా ఉంటుంది, కాలు కదిపే చోటే ఉండదు. దగ్గర్లోని మోహర్ సముద్రతీర కొండచరియలు గరిష్ఠంగా 214 మీటర్ల ఎత్తు, వాటికి ఒక పూట చాలు. 1909 నాటి కేలీ బ్యాండుకు పుట్టిల్లయిన కిల్ఫెనోరా ఊరికి మాత్రం తప్పకుండా వెళ్లండి. డబ్లిన్‌లోనే ఉండేవాళ్లు మాంక్స్‌టౌన్‌లోని కోల్టాస్ (ఐరిష్ సంప్రదాయ సంగీత సంస్థ) ప్రధాన కేంద్రంలో ఏ క్లాసులు, కేలీలు ఉన్నాయో కనుక్కోవచ్చు.

బూట్ల అడుగు జారేలా ఉండాలి, తోలుదైతే మేలు. రబ్బరు అడుగు నేలకు పట్టేసి, తిరిగేటప్పుడు మోకాలు మెలిపడుతుంది. చొక్కాలు రెండు ఎక్కువ పెట్టుకోండి, ఒక సెట్‌కే తడిసిపోతాయి.