ఆరేళ్ల తర్వాత ఆటోమేటిక్ బిల్జ్ పంపు: లెక్క చెప్పని పనివాడు

ఫ్లోట్ స్విచ్ ఉన్న బిల్జ్ పంపు నా ఫైబర్ బోటులో పెట్టి ఆరేళ్లు దాటింది. బోటు అడుగున చేరే నీళ్లని బయటికి తోడేదే బిల్జ్ పంపు; నీళ్లు పెరిగితే పైకి తేలి, దాన్ని తనంతట తానే నడిపించేది ఫ్లోట్ స్విచ్. మొదటి మూడేళ్లు బోటున్న వాళ్లు ఎవరు కనిపించినా ఇదే పెట్టుకోమని చెప్పాను. నా మాట విని నలుగురు కొన్నారు కూడా. ముఖ్యంగా వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను, ఎందుకంటే అప్పుడు చెప్పినదాంట్లో కొంత సరిదిద్దుకోవాలి. పంపు తిరగలేదని నాకు ఫిర్యాదు లేదు. రోజుకు ఎన్నిసార్లు తిరిగిందో, ఎంతసేపు తిరిగిందో అది ఎవరికీ చెప్పదు. ఆ ఒక్క లోపం వల్ల నా బోటు మునిగిపోయేదాకా వచ్చింది.

కంపెనీ పేరు రాయను. తర్వాత నేను చూసిన మూడు నాలుగు కంపెనీల మామూలు పంపుల్లోనూ ఇదే పరిస్థితి.

ముందు మంచి చెప్పాలి. నా బోటు ఏడాది పొడవునా ఉప్పునీళ్లలోనే కట్టి ఉంటుంది, పైన కప్పు లేదు. నేను వెళ్లేది వారానికి ఒకసారి. 8 చదరపు మీటర్ల తెరిచిన బోటులో 100 మిల్లీమీటర్ల వాన పడితే చేరే నీళ్లు 800 లీటర్లు, అంటే 800 కిలోల బరువు. పంపు లేని రోజుల్లో రాత్రిపూట వాన చప్పుడు వినపడిందంటే టార్చి, బకెట్ పట్టుకుని జెట్టీకి పరిగెత్తేవాణ్ణి. పంపు పెట్టిన ఏడాది మొదటి పెద్ద వాన రాత్రి లేచి కూర్చుని, వెళ్లాలా వద్దా అని గంటసేపు ఆలోచించి, చివరికి పడుకున్నాను. తెల్లారి వెళ్లి చూస్తే అడుగున రెండు వేళ్ల మందం నీళ్లున్నాయి, అంతే. ఆ పొద్దు జెట్టీ మీద ఎంతమందికి ఆ సంగతి చెప్పానో నాకే గుర్తులేదు.

ఆ మాట ఇప్పటికీ నిజమే. కాకపోతే పైనుంచి పడే నీళ్ల వరకే నిజం.

పంపు సామర్థ్యం గురించి ఒక ముక్క. డబ్బా మీద గంటకు 3000 లీటర్లని ఉంది. బకెట్, గడియారం పెట్టి కొలిస్తే నాకు నిమిషానికి 25 లీటర్లు వచ్చాయి, అంటే గంటకు 1500. ఇందులో మోసమేమీ లేదు. నీళ్లని పైకి ఎత్తే పని లేకుండా, బ్యాటరీ వోల్టేజి నిండుగా ఉన్నప్పుడు వచ్చే అంకె వాళ్లు రాస్తారు. నా బోటులో దాదాపు మీటరు ఎత్తుకు తోయాలి, పైగా నేను వాడింది ముడతల గొట్టం. లోపల నున్నగా ఉండే గొట్టం మార్చాక నిమిషానికి 30 దాటింది. వైర్ల సంగతి కూడా అంతే: మామూలు రాగి వైరు రెండో ఏడాదికే లోపల నల్లబడి, అతుకుల దగ్గర చిలుము పట్టింది. తగరం పూత ఉన్న వైరు వేసి, వేడి చేస్తే జిగురు కరిగి అతుక్కునే తొడుగులు వేశాక మళ్లీ ముట్టుకోలేదు. జాలీ మాత్రం నెలకోసారి విప్పి కడగాల్సిందే. దారప్పోగులు, పెయింట్ పెచ్చులు, మనమే కత్తిరించి పడేసిన ప్లాస్టిక్ టై ముక్కలు అన్నీ అక్కడికే చేరతాయి.

ఇక అసలు సంగతికి వస్తాను.

నాలుగో ఏడాది వానాకాలం చివర్లో వారం పైగా మబ్బు పట్టి ఉంది. ఆ వారం పనిలో పడి నేను జెట్టీకి వెళ్లలేదు. ఒకరోజు పొద్దున్నే పక్క బోటు తమ్ముడు ఫోన్ చేశాడు.

"అన్నా, ఎక్కడున్నావ్? నీ బోటు వెనక్కి కూర్చుండిపోయింది. అమరం (వెనక కొస) దగ్గర ఇంకో జానెడే నీళ్లకి పైన ఉంది. నేను తోడుతున్నాను గానీ తగ్గట్లేదు, తొందరగా రా."

వెళ్లేసరికి అణియం (ముందు కొస) పైకి లేచి ఉంది. ఇంజిన్, బ్యాటరీ, పెట్రోల్ ట్యాంకు అన్నీ వెనకే కాబట్టి బరువంతా అటే లాగుతోంది. బ్యాటరీ పెట్టెలో సగం దాకా నీళ్లు. పంపు చప్పుడు లేదు. స్విచ్ చేత్తో ఎత్తి చూశాను, ఉలుకూ పలుకూ లేదు. ఇద్దరం చెరో బకెట్ తీసుకుని తోడటం మొదలుపెట్టాం. పావుగంట తోడినా నీటి మట్టం ఉన్నచోటే ఉంది. అంత టెన్షన్ నేను నడి సముద్రంలో ఇంజిన్ ఆగినప్పుడు కూడా పడలేదు.

అప్పుడే జెట్టీ మీదికి వచ్చిన ఒక పెద్దాయన (మేమంతా బాబాయ్ అని పిలుస్తాం) ఒక్క చూపు చూసి, "ముందు ఆ పంపు గొట్టం నోరు మూయరా" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. నీళ్లు బయటికి పోయే దారి ఎందుకు మూయాలి? ఆయనే వంగి, బోటు బయటి వైపున్న రంధ్రంలో పాత గుడ్డ కుక్కాడు. ఆ రంధ్రం మామూలుగా నీటి మట్టానికి పైన ఉంటుంది. బోటు వెనక్కి దిగడంతో అది నీటి కిందికి పోయింది. పంపు ఆగిపోయి ఉంది కాబట్టి ఆ గొట్టంలోంచే బయటి నీళ్లు లోపలికి వస్తున్నాయి. ఇలాంటి పంపుల్లో వెనక్కి వచ్చే నీళ్లని ఆపే ఏర్పాటు ఉండదు. గుడ్డ కుక్కిన పది నిమిషాలకు మట్టం తగ్గడం కంటికి కనిపించింది. నాలుగేళ్లుగా బోటుని కాపాడుతోందని నేను నమ్మిన గొట్టమే ఆ పొద్దు దాన్ని ముంచుతోంది. ఆ ఒక్క మాట బాబాయ్ చెప్పకపోతే మేము సాయంత్రం దాకా తోడుతూనే ఉండేవాళ్లం, లేదా తోడటానికి బోటే ఉండేది కాదు.

మట్టం తగ్గాక ఆయన అడుగునున్న నీళ్లలో వేలు ముంచి నాలుకకి రాసుకున్నాడు. "ఉప్పగా ఉంది. వాన నీళ్లు కాదిది. ఎక్కడో కన్నం పడింది."

ఈ చిట్కా నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. ఉప్పునీళ్లలో కట్టే బోటుకి ఇంతకంటే సులువైన పరీక్ష లేదు. ఇప్పుడు ప్రతిసారీ చేస్తాను, అయితే పెట్రోల్, ఆయిల్ వాసన లేనప్పుడే.

బోటు ఖాళీ అయ్యాక ఒక గంట ఆగి, చేరిన నీళ్లని బకెట్లతో కొలిచాం. పది బకెట్లు, దాదాపు 100 లీటర్లు. అంటే రోజుకు 2400 లీటర్లు లోపలికి వస్తుంటే పంపు తోడి పోస్తోంది. నిమిషానికి 25 లీటర్లన్న నా మొదటి కొలత ప్రకారం అది రోజుకు గంటన్నరకి పైగా తిరగాలి. ఆగిన ప్రతిసారీ గొట్టంలో మిగిలిన నీళ్లు వెనక్కి జారి, వాటినే మళ్లీ తోడుతుంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువే. తిరిగేటప్పుడు 3 ఆంపియర్ల కరెంటు లాగుతుంది కాబట్టి రోజుకు ఐదారు ఆంపియర్-గంటలు బ్యాటరీకి ఖర్చు. ఎండ ఉన్నన్నాళ్లు నా చిన్న సోలార్ ప్యానెల్ ఆ ఖర్చులో చాలావరకు పూడ్చుతూ వచ్చింది. మబ్బు పట్టగానే పూడ్చేవాళ్లు లేరు. ఐదేళ్ల పాత బ్యాటరీ, వారం తట్టుకోలేకపోయింది.

నాకు బాధ కలిగించింది ఈ లెక్కే. అంత కన్నం ఒక్క రాత్రిలో పడదు. ఎన్ని నెలల నుంచి కారుతోందో! ప్రతి వారం నేను వెళ్లి, మూత తీసి, అడుగు దాదాపు పొడిగా ఉండటం చూసి, పంపుని మెచ్చుకుని మూత వేసేవాణ్ణి. పంపు లేకపోయి ఉంటే మొదటి వారమే అడుగున నీళ్లు చూసి ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతికేవాణ్ణి. జబ్బు తగ్గించకుండా జ్వరం మాత్రమే తగ్గించే మందులా పనిచేసింది అది.

బోటు పైకి తీసి ట్రాలీ మీద పెట్టాక, అడుగున కొద్దిగా నీళ్లు పోసి బయట నుంచి ఎక్కడ కారుతుందో చూశాం. వెనక పలకలో డ్రైన్ ప్లగ్ (బోటు పైకి తీశాక లోపలి నీళ్లు వదిలేయడానికి విప్పే బిరడా) బిగించే ఇత్తడి గొట్టం దగ్గర చుక్కలు. ప్లగ్ తీసి టార్చి వేస్తే గొట్టం లోపలి వైపు పసుపు రంగు పోయి గులాబి రంగు తేలింది. స్క్రూడ్రైవర్ కొనతో నొక్కితే బిస్కెట్‌లా విరిగింది. ఇత్తడిలో రాగి, జింకు కలిసి ఉంటాయి. ఉప్పునీళ్లలో జింకు మెల్లగా కరిగిపోయి గుల్లబారిన రాగి మిగులుతుంది. ఆ గులాబి రంగు దాని గుర్తు. చీలికలోంచి నీళ్లు ఇటు బోటులోకి, అటు ఫైబర్ పొరల మధ్యనున్న ప్లైవుడ్‌లోకి చేరాయి. చిన్న రంధ్రం వేసి చూస్తే తడిసిన గోధుమరంగు పొట్టు వచ్చింది. అదృష్టం కొద్దీ నానింది కొంత మేరే. అది ఆరడానికి ఆరు వారాలు పట్టింది. ఆ తర్వాత రంధ్రం అంచులకు ఎపాక్సీ పట్టించి, ప్లాస్టిక్ గొట్టం పెట్టి, మెరైన్ సీలెంట్‌తో మూశాం. ఈసారి ఇత్తడి జోలికి పోలేదు.

ఇక పంపు. మార్చలేదు, అదే ఉంది. దానికి వెళ్లే పాజిటివ్ వైరు మీద రెండు చిన్న పరికరాలు కలిపాను: ఎన్నిసార్లు తిరిగిందో చూపించే కౌంటర్, మొత్తం ఎంతసేపు తిరిగిందో చూపించే అవర్ మీటర్. మొదట కౌంటర్ ఒక్కటే చాలనుకున్నాను. చాలదు. చెత్త అడ్డుపడి ఫ్లోట్ పైకే ఇరుక్కుపోతే కౌంటర్ ఒక్క అంకే చూపిస్తుంది, గంటలు మాత్రం పెరిగిపోతాయి. గొట్టం నీళ్లు వెనక్కి జారి పంపు ఊరికే ఆగుతూ తిరుగుతూ ఉంటే కౌంటర్ పరిగెడుతుంది, గంటలు పెద్దగా కదలవు. రెండూ పెరిగాయంటే నిజంగానే నీళ్లు వస్తున్నాయి. వెళ్లిన ప్రతిసారీ ఆ రెండు అంకెలు బ్యాటరీ పెట్టె మూత లోపలి వైపు మార్కర్‌తో రాస్తాను, పక్కన వాన పడిందో లేదో కూడా.

పెట్టి రెండేళ్లయింది. వాన లేని వారం కౌంటర్ సున్నానో ఒకటో కదులుతుంది. ఒకసారి వాన చుక్క లేకుండా 7 పెరిగింది. వేలు ముంచి చూస్తే ఉప్పు. వెతికితే డ్రైన్ ప్లగ్ రబ్బరు వాషర్ పగిలి ఉంది. ఐదు నిమిషాల పని. ఆ రోజు నాకు కలిగిన తృప్తి, మొదటి వాన రాత్రి తర్వాత కలిగిన సంతోషం కంటే ఎక్కువ.

పంపుకి జానెడు పైన ఇంకో ఫ్లోట్ స్విచ్, దానికో బజర్, వేరే చిన్న బ్యాటరీతో పెట్టాను. ఇది ఎంతవరకు ఉపయోగమో చెప్పలేను. ఇంతవరకు నేను చేత్తో ఎత్తి పరీక్షించినప్పుడు తప్ప మోగలేదు. మోగినా వినడానికి పక్కన మనిషుండాలి. మా జెట్టీలో ఉంటారు కాబట్టి పెట్టాను, ఒంటరిగా లంగరు వేసి వదిలేసే బోటుకి దీనివల్ల లాభం తక్కువే. బయటి రంధ్రాన్ని కూడా పక్క గోడ మీద వీలైనంత పైకి మార్చాను. ఎత్తు పెరిగినందుకు నిమిషానికి రెండు మూడు లీటర్లు తగ్గాయి. ఆ నష్టానికి నేను సిద్ధమే.

కొనాలా అంటే, నాలాగా బోటు ఎప్పుడూ నీళ్లలోనే ఉంచి, వారానికోసారి మాత్రమే వెళ్లేవాళ్లు కొనాలి, కానీ కౌంటర్, అవర్ మీటర్ లేకుండా వద్దు. కరెంటు సౌకర్యం ఉండి, ఛార్జర్ ఎప్పుడూ తగిలించి ఉంచే వాళ్ల బ్యాటరీ నాదానిలా చావదు, అయితే కారడం నాకంటే ఇంకా ఎక్కువ కాలం దాగి ఉంటుంది. నా మాట మీద కొన్న నలుగురిలో ముగ్గురు మీటర్లు పెట్టుకున్నారు. నాలుగో ఆయన తిరిగొచ్చిన ప్రతిసారీ బోటు పైకి తీసి ప్లగ్ విప్పేస్తాడు, తనకు అవసరం లేదన్నాడు. నిజమే, ఆయనకు అవసరం లేదు.

ఆ పొద్దు ఫోన్ చేసిన తమ్ముడి బోటు కూడా నాదాని వయసుదే, అదే రకం ఇత్తడి గొట్టం. కిందటి నెల అది పైకి తీసినప్పుడు ఇద్దరం ప్లగ్ విప్పి లోపలికి టార్చి వేసి చాలాసేపు చూశాం. ఇత్తడి ఇంకా పసుపుగానే ఉంది.